బ్రేకు డ్రమ్ములోని చిన్న సామాను

కారు కొనదలచినవారు ఇంజను శక్తిని గురించి అడుగుతారు. లీటరు పెట్రోలుకు ఎన్ని కిలోమీటర్లు వస్తుందని అడుగుతారు. రంగును, సీట్ల మెత్తదనమును, డిక్కీ వైశాల్యమును పరిశీలిస్తారు. బండిని ఆపే సాధనమును గురించి అడిగేవారు అరుదు. అడిగినవారు సైతము బ్రేకు పెడలు వద్దనే ఆగిపోతారు. ఆ పెడలుకు ఆవల, వెనుక చక్రముల లోపల, ఇనుప డ్రమ్ముల చాటున కొన్ని స్ప్రింగులు, కొన్ని పిన్నులు, వాటి వాషర్లు, ఒక చిన్న పళ్ల చక్రము ఉన్నవని కారు గల గృహస్థులలో చాలమందికి తెలియదు. ఒక చక్రమునకు సంబంధించిన ఈ సామాను అంతయు ఒక గుప్పిటలో పడుతుంది. దాని వెల బ్రేకు మరమ్మతు ఖర్చులో కొద్ది పాలు మాత్రమే. అయినను బ్రేకు సరిగా పట్టుట, పట్టిన బ్రేకు సరిగా విడుచుట ఈ గుప్పెడు సామానుపై ఆధారపడియున్నవి. దానిని ఎందుకు, ఎప్పుడు, ఏ విధముగా మార్చవలెనో ఈ ప్రసంగములో మనవి చేయదలచినాము.

బ్రేకు చేసే పని ఏమిటో ముందుగా చూతము. 900 కిలోల బరువు గల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగముతో పోతున్నదనుకొందాము. దాని చలనములో ఇమిడియున్న శక్తి సుమారు 1,25,000 జౌళ్లు. శక్తి నశించదు, రూపము మార్చుకొంటుంది. బ్రేకు తొక్కి బండిని ఆపినప్పుడు ఈ శక్తిలో అధికభాగము రాపిడి వలన వేడిగా మారుతుంది. ఆ వేడి ఒక లీటరు నీటి ఉష్ణోగ్రతను సుమారు 30 డిగ్రీలు పెంచుటకు చాలును. వేగము రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది. కనుక 30 కిలోమీటర్ల వేగముతో పోయే బండిని ఆపినప్పటి కంటె 60 కిలోమీటర్ల వేగముతో పోయే బండిని ఆపినప్పుడు నాలుగింతల వేడి పుడుతుంది. కూడలిలో ఎర్రదీపము వెలిగిన ప్రతిసారియు ఈ వేడిని నాలుగు చక్రముల బ్రేకులు పంచుకొని భరించవలెను. ఆ వేడి నడుమనే మనము చెప్పుకొంటున్న స్ప్రింగులు పనిచేస్తవి.

చక్రముతోపాటు తిరిగే డ్రమ్ము, దాని లోపల తిరుగక నిలిచియుండే రెండు షూలు అను ఏర్పాటు నూరేండ్లకు పైబడినది. ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ రెనో 1902లో దీనికి రూపు దిద్దినాడు. తొలి రోజులలో తీగలు, కడ్డీలు షూలను కదిలించేవి. వాటి బిగింపు అన్ని చక్రములకును సమముగా ఉండేది కాదు. మూసియున్న ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా ప్రసరిస్తుందని 17వ శతాబ్దములో పాస్కల్ చెప్పియున్నాడు. ఈ సూత్రమును అమెరికాలో మాల్కం లాక్‌హీడ్ కారు బ్రేకులకు అన్వయించినాడు. నాలుగు చక్రములకును ఇట్టి ద్రవపు బ్రేకులతో 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు వెలువడినది. నేటి డ్రమ్ము బ్రేకు ఆ రెండు ఊహల కలయిక.

ముందు చక్రములకు డిస్కు బ్రేకులు వచ్చిన తరువాత కూడ వెనుక చక్రములకు డ్రమ్ములు నిలిచియున్నవి. ఇందుకు కారణము కలదు. బస్సు గభాలున ఆగినప్పుడు నిలుచున్నవారు ముందుకు తూలుట మనము ఎరిగినదే. అట్లే కారు ఆగునప్పుడు దాని భారము ముందు చక్రముల మీదికి మొగ్గుతుంది. ఆపే పనిలో పెద్దపాలు ముందు బ్రేకులదే అవుతుంది. వెనుక బ్రేకులపై శ్రమ తక్కువ. పైగా డ్రమ్ముతో హ్యాండ్ బ్రేకును కలుపుట సులభము, ఖర్చు స్వల్పము. అందుచేత మారుతి ఆల్టో, వ్యాగన్ ఆర్, టాటా టియాగో వంటి చిన్న కార్లలో ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్నవి. విద్యుత్తుతో నడిచే కార్లలో సైతము డ్రమ్ము మరల ఆదరణ పొందినది. అట్టి కార్లలో మోటారే వేగమును చాలవరకు తగ్గిస్తుంది. అరుదుగా వాడే బ్రేకు తుప్పు పట్టకుండవలెనన్నచో మూసియున్న డ్రమ్ము మేలు. ఫోక్స్‌వాగన్ సంస్థ తన ఐ.డి.3, ఐ.డి.4 కార్లకు వెనుక డ్రమ్ములనే అమర్చుట ఇందుకు నిదర్శనము.

శ్రమ తక్కువ అన్నంత మాత్రమున బాధ్యత తక్కువ అనుకొనరాదు. మనము చెప్పుకొన్న చిన్న కార్లలో హ్యాండ్ బ్రేకు భారమంతయు వెనుక చక్రములదే. ఏటవాలు మీద పిల్లలను లోపల కూర్చుండబెట్టి బండిని నిలిపినప్పుడు దానిని పట్టి ఉంచేది ఆ రెండు డ్రమ్ములలోని షూలే. తడి రోడ్డుమీద ఒక వెనుక చక్రము గట్టిగా పట్టి, రెండవది పట్టకపోయినచో బండి వెనుకభాగము పక్కకు జారుతుంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలో 96వ నియమము బ్రేకులకే కేటాయింపబడుటలో ఆశ్చర్యము లేదు.

ఇక డ్రమ్ము లోపలికి పోదాము. డ్రమ్ము పోత ఇనుముతో చేసినది. బోర్లించిన గంగాళము వలె ఉంటుంది. దాని వెనుక తిరుగని ఇనుప పలక ఒకటి కలదు. దానిని బ్యాకింగ్ ప్లేటు అంటారు. ఆ పలకపై నెలవంకల వంటి రెండు షూలు ఎదురెదురుగా నిలిచియుంటవి. షూల వెలుపలి అంచున రాపిడికి ఓర్చే లైనింగు అతికియుంటుంది. పైభాగమున రెండు షూల నడుమ వీల్ సిలిండరు అనే చిన్న గొట్టము ఉంటుంది. పెడలు తొక్కగానే బ్రేకు ఆయిల్ ఒత్తిడికి ఆ గొట్టములోని పిస్టన్లు ఇరువైపులకు జరిగి షూలను డ్రమ్ముకు అదుముతవి. బండి నెమ్మదిస్తుంది. పెడలు వదలినప్పుడు ఏమగును? ఆయిల్ షూలను బయటికి నెట్టగలదు గాని లోపలికి లాగలేదు. లాగుకొనే పని స్ప్రింగులది. మన చిన్న సామాను కథ ఇక్కడ మొదలవుతున్నది.

మొదటివి రిటర్న్ స్ప్రింగులు. ఇవి ఒక షూను రెండవ షూతో కలిపి లోపలికి లాగుతుంటవి. పెడలు వదలిన మరుక్షణమున షూలు డ్రమ్మును విడిచి వెనుకకు రావలెను. ఆ ఎడము మిల్లీమీటరులో కొద్ది పాలు మాత్రమే. అయినను చక్రము స్వేచ్ఛగా తిరుగుటకు అది చాలును. స్ప్రింగు సాగిపోయి బలము తగ్గినచో షూ డ్రమ్మును రాసుకొంటూనే ఉంటుంది. రాపిడి వలన వేడి పుడుతుంది. ఆ వేడి స్ప్రింగు బలమును మరికొంత హరిస్తుంది. బలము తగ్గిన కొలది రాపిడి పెరుగుతుంది. ఈ విషవలయములో లైనింగు గాజువలె నునుపెక్కి పట్టు కోల్పోతుంది, డ్రమ్ము నీలిరంగుకు మారుతుంది, పెట్రోలు వృథా అవుతుంది. యజమానికి మాత్రము బండి ఎందుకో బరువుగా లాగుతున్నదని తోస్తుంది.

రెండవవి షూలను పలకకు ఆనించి ఉంచే హోల్డ్ డౌన్ స్ప్రింగులు, వాటి పిన్నులు. పిన్ను మేకు వంటిది. పలక వెనుకనుండి దూరి, షూలోని రంధ్రము గుండా ముందుకు వస్తుంది. దానిపై రాతకలములో ఉండే స్ప్రింగు వంటి పొట్టి స్ప్రింగును తొడిగి, పైన గిన్నెవంటి వాషరును ఉంచి, అదిమి, పావుచుట్టు తిప్పగా పిన్ను కొస వాషరు గాడిలో చిక్కుకొంటుంది. కొన్ని బండ్లలో గుండ్రని స్ప్రింగుకు మారుగా వంచిన రేకు క్లిప్పు ఉంటుంది. రూపము ఏదైనను పని ఒకటే. షూ పక్కకు వాలకుండ, కంపించకుండ, తన మార్గములోనే కదలునట్లు చూచుట దాని పని. పిన్ను తుప్పుపట్టి తెగినచో షూ ఒరిగిపోతుంది. లైనింగు ఒకవైపు అరుగుతుంది. విడిపోయిన స్ప్రింగుముక్క తిరిగే డ్రమ్ముకు, షూకు నడుమ పడినచో చక్రము ఒక్కసారిగా బిగిసిపోయే ప్రమాదము కూడ కలదు.

మూడవది అడ్జస్టరు. లైనింగు అరిగిన కొలది షూకు, డ్రమ్ముకు నడుమ ఎడము పెరుగుతుంది. ఆ ఎడమును పూడ్చుటకు రెండు షూల నడుమ నిడివి పెరిగే చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది. కొన్ని కార్లలో దానికి మర, పళ్ల చక్రము ఉంటవి. కొన్నింటిలో రంపపు పళ్ల వంటి మెట్లు ఉంటవి. బ్రేకు వాడుచుండగా అది ఒక్కొక్క పన్ను జరిగి తనంతట తానే ఎడమును సరిచేసుకొంటుంది. అయితే మర తుప్పుపట్టి బిగిసినచో, పంటిని నెట్టే మీట అరిగినచో, మీటను లాగే చిన్న స్ప్రింగు తెగినచో ఈ సర్దుబాటు ఆగిపోతుంది. అప్పుడు పెడలు నానాటికి కిందికి దిగుతుంది, హ్యాండ్ బ్రేకు మీట నానాటికి పైకి లేస్తుంది. ఈ మార్పు దినదినమును ఇంత అని తెలియనంత మెల్లగా జరుగుటచేత నడిపేవారి కాలు, చేయి దానికి అలవాటు పడిపోతవి. ఇందులోని అపాయము అదే.

ఈ సామానుకు వేడి ఒక శత్రువు, నీరు రెండవ శత్రువు. ఇందుకు రంగారెడ్డి జిల్లాలోని మీర్‌పేటను ఉదాహరణగా తీసుకొందాము. హైదరాబాదు ఆగ్నేయపు అంచున, నాగార్జునసాగర్ రోడ్డుకు చేరువలో ఉన్న మీర్‌పేట చెరువుల నడుమ పెరిగిన ఊరు. పెద్దచెరువు, మంత్రాల చెరువు పరిసరములలో కాలనీలు వెలసినవి. గట్టి వాన కురిసిన నాడు పల్లపు వీధులలో నీరు నిలుస్తుంది. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో హైదరాబాదు ప్రాంతమున కురిసిన కుంభవృష్టికి ఎన్నో కాలనీలలో కార్లు నీట మునిగినవి. నీరు తీసిన పిమ్మట ఇంజనును, సీట్లను బాగుచేయించుకొన్నవారు ఎందరో ఉంటారు. డ్రమ్ములు విప్పించి చూచినవారు ఎందరు?

డ్రమ్ము మూతవలె కనిపించినను నీరు చొరని పెట్టె కాదు. చక్రములోతు నీటిలో బండి నడచినచో నీటితోపాటు ఒండ్రు లోపలికి పోతుంది. నీరు ఆరిపోతుంది, ఒండ్రు మిగులుతుంది. అది పిన్నుల మొదళ్లలో, అడ్జస్టరు మరలో చేరి తేమను పట్టి ఉంచుతుంది. తుప్పు అక్కడ మొదలవుతుంది. స్ప్రింగు తీగమీద తుప్పు చేసిన చిన్న గుంటయే కాలక్రమమున తెగుటకు చోటవుతుంది. వేసవిలో ఇళ్ల నిర్మాణపు ఇసుక, సిమెంటు ధూళి దీనికి తోడవుతవి. కనుక మీర్‌పేటలోను, అటువంటి ఇతర శివారు కాలనీలలోను కార్లు గలవారు వానకాలము వెళ్లగానే ఒకసారి వెనుక డ్రమ్ములు విప్పించి చూచుకొనుట మంచిది. నీటిలోనుండి బయటపడిన వెంటనే, వెనుక బండ్లు లేనిచోట, మెల్లగా పోవుచు రెండు మూడు సార్లు బ్రేకును తేలికగా నొక్కినచో ఆ వేడికి లైనింగు ఆరుతుంది. తడిసిన బండిని హ్యాండ్ బ్రేకు బిగించి దినములతరబడి నిలిపినచో షూలు తుప్పుతో డ్రమ్మునకు అతుక్కొంటవి. అటువంటప్పుడు చదునైన చోట గేరులో ఉంచి, చక్రములకు ఇటుకలు అడ్డము పెట్టుట మేలు.

డ్రమ్ము విప్పకుండనే కొన్ని గుర్తులు గమనించవచ్చును. హ్యాండ్ బ్రేకు మీట వెనుకటికంటె ఎక్కువ పైకి రావలసి వచ్చుచున్నదా? పెడలు మొదటి తొక్కుకు లోతుగా పోయి, రెండవ తొక్కుకు పైన నిలుచున్నదా? ప్రయాణము ముగిసిన తరువాత ఒక వెనుక చక్రమునుండి రెండవదానికంటె ఎక్కువ సెగ వచ్చుచున్నదా? ఈ పరీక్షకు అరచేతిని చక్రము దగ్గరకు చేర్చిన చాలును, తాకరాదు. గతుకుల మీద వెనుకనుండి గలగలమను శబ్దము వచ్చుచున్నదా? చదును నేలమీద గేరు తీసి వదలినప్పుడు బండి తేలికగా దొర్లక వెనుదీయుచున్నదా? టైరు లోపలివైపు తడి జాడ కనిపించుచున్నదా? ఇందులో చివరిది మిక్కిలి ముఖ్యము. అది వీల్ సిలిండరునుండి బ్రేకు ఆయిల్ కారుచున్నదనుటకు గుర్తు కావచ్చును. అట్టి బండిని నడుపరాదు.

గుర్తులు కనిపించినను, కనిపించకపోయినను ఒక సందర్భమున ఈ సామాను మార్చితీరవలెను. అది షూలు మార్చే సందర్భము. సాధారణముగా షెడ్డులో జరిగేది వేరు. మేస్త్రీ కొత్త షూలు తీసి చూపుతాడు. యజమాని వెల విని, “తక్కినవి బాగానే ఉన్నవి కదా, అవే వేయవయ్యా” అంటాడు. మేస్త్రీ పాత స్ప్రింగులను గుడ్డతో తుడిచి మరల తగిలిస్తాడు. ఇద్దరికిని ఆ పూటకు లాభమే. కాని పాత షూలు అరిగిపోవుటకు పట్టిన సంవత్సరములన్నియు ఆ స్ప్రింగులు కూడ అదే వేడిలో, అదే తేమలో, అదే సాగుడులో గడపినవి. వాటిని కొత్త షూలు అరిగేవరకు మరల అన్ని సంవత్సరములు పనిచేయమనుట న్యాయము కాదు. ఒక చక్రములో స్ప్రింగు తెగినను రెండు చక్రములలోను మార్చవలెను. ఒకవైపు బిగువు, ఒకవైపు వదులు ఉన్నచో రెండు బ్రేకులు సమముగా పట్టవు, సమముగా విడువవు.

స్ప్రింగు మంచి చెడ్డలను అనుభవజ్ఞులు ఇట్లు చూస్తారు. విప్పి బల్లపై పెట్టిన రిటర్న్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనియుండవలెను. చుట్ల నడుమ వెలుతురు కనిపించినచో అది సాగినదని అర్థము. గచ్చుమీద వదలినప్పుడు మంచి స్ప్రింగు మొద్దుగా చప్పుడు చేస్తుంది. సాగిన స్ప్రింగు ఖంగున మ్రోగుతుంది. కొక్కెము మెలికవద్ద అరుగుదల, రంగు మాసి నీలముగా మారుట కూడ చెడ్డ గుర్తులే. అయితే ఈ పరీక్షలలో ఓడినది తప్పక పనికిరానిది గాని, నెగ్గినది తప్పక మంచిదని చెప్పుటకు వీలులేదు. అందుచేతనే షూలతోపాటు మార్చుట అను నియమము ఉత్తమము.

ఇప్పుడు మార్చే విధానము. పనిముట్లకు అలవాటుపడినవారు దీనిని స్వయముగా చేసుకొనవచ్చును. అలవాటు లేనివారు మేస్త్రీకే అప్పగింతురు గాక. విధానము తెలిసియుండుట ఇరువురికిని మంచిది.

బండిని చదునైన గట్టి నేలమీద నిలిపి, ముందు చక్రములకు రెండు వైపులను దిమ్మెలు పెట్టవలెను. హ్యాండ్ బ్రేకు బిగించియున్నచో డ్రమ్ము ఊడిరాదు గనుక దానిని వదలవలెను. దిమ్మెల అవసరము ఇందుచేతనే. చక్రపు నట్లను నేలమీద ఉండగానే కొంచెము వదులు చేసి, జాకీతో ఎత్తి, బండి భారమును గట్టి స్టాండ్లపై ఆన్చవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. దానిని మాత్రమే నమ్మి బండి కిందికి ఎవరును పోరాదు.

డ్రమ్ము తుప్పుతో పట్టుకొనియుండవచ్చును. సుత్తితో అంచున మోదినచో పోత ఇనుము పగులుతుంది. అనేక డ్రమ్ములకు రెండు మర రంధ్రములు ఉంటవి. తగిన బోల్టులను వాటిలో దూర్చి, ఒకదాని తరువాత ఒకటిగా కొద్దికొద్దిగా బిగించినచో డ్రమ్ము తనంతట తానే బయటికి జరుగుతుంది. పాత డ్రమ్ములో అరుగుడు వలన అంచున గట్టు ఏర్పడి, షూలు దానికి తగులుకొన్నచో, ముందుగా అడ్జస్టరును వెనుకకు తిప్పవలసి వస్తుంది.

డ్రమ్ము తీయగానే నల్లని ధూళి కనిపిస్తుంది. దీనిని నోటితో గాని, గాలి గొట్టముతో గాని ఊదరాదు. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ వాడేవారు. దాని నూలుపోగుల వంటి సూక్ష్మకణములు ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత క్యాన్సరు కలిగింపగలవు. ఆస్‌బెస్టాస్‌లో అన్ని రకములును క్యాన్సరు కారకములేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పైకి చూచి ఏ ధూళిలో అది ఉన్నదో, ఏ ధూళిలో లేదో చెప్పలేము. కనుక ముఖమునకు మంచి మాస్కు కట్టుకొని, ధూళిని తడిపి, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను మూటగట్టి పారవేయవలెను. పిల్లలను దగ్గరకు రానీయరాదు.

తరువాతి నియమము అన్నింటికంటె ఉపయోగకరమైనది. ఒకేసారి రెండు చక్రములను విప్పరాదు. ఒకవైపు పని పూర్తిచేసిన తరువాతనే రెండవవైపు చేపట్టవలెను. ఏ స్ప్రింగు ఏ రంధ్రములో తగులుకొన్నదో, దాని పొడవు కొక్కెము ఏ వైపునకు ఉన్నదో సందేహము వచ్చినప్పుడు రెండవ చక్రము చూచి తెలిసికొనవచ్చును. అయితే అది అద్దములోని ప్రతిబింబము వలె కుడియెడమలు మారియుంటుందని మరువరాదు. నేడు ప్రతివారి చేతిలోను కెమెరా గల ఫోను ఉన్నది. విప్పకముందే నాలుగు ఫోటోలు తీసుకొన్నచో సగము పని సులభమవుతుంది.

స్ప్రింగులు బిగువుగా ఉంటవి. జారినచో కంటికి తగులుతవి. కంటి అద్దములు తప్పనిసరి. ముందు పైనున్న రిటర్న్ స్ప్రింగును తగిన కొక్కెముతోనో, పట్టకారుతోనో నెమ్మదిగా తప్పించవలెను. తరువాత ఒక చేతితో పిన్ను తలను పలక వెనుకనుండి పట్టుకొని, రెండవ చేతితో వాషరును అదిమి పావుచుట్టు తిప్పగా హోల్డ్ డౌన్ స్ప్రింగు విడివడుతుంది. షూలు చేతికి వస్తవి. వెనుక షూకు హ్యాండ్ బ్రేకు మీట తగులుకొనియుంటుంది. దానిని పట్టి ఉంచే చిన్న క్లిప్పును కూడ కొత్తది వేయవలెను. ఒకసారి తెరచిన క్లిప్పుకు మొదటి బిగువు ఉండదు. షూలు బయట ఉన్నంతసేపు ఎవరును బ్రేకు పెడలు తొక్కరాదు. తొక్కినచో సిలిండరులోని పిస్టన్లు ఊడి, ఆయిల్ నేలపాలవుతుంది.

ఖాళీ పలకను ఇప్పుడు శ్రద్ధగా చూడవలెను. షూలు ఆని జరిగే చోట్ల పలకపై మెరిసే ఎత్తులు కొన్ని ఉంటవి. అక్కడ గాడి పడినచో షూ దానిలో చిక్కి తిరిగిరాదు. ఆ ఎత్తులను శుభ్రము చేసి, వేడికి కరగని బ్రేకు గ్రీజును పలుచగా రాయవలెను. మామూలు గ్రీజు వేడికి కరగి లైనింగుపై పడుతుంది. జిడ్డు అంటిన లైనింగు పట్టు కోల్పోతుంది. సిలిండరు రబ్బరు తొడుగును మెల్లగా ఎత్తి, లోపల తడి ఉన్నదేమో చూడవలెను. తడి ఉన్నచో స్ప్రింగుల పని ఆపి, ముందు సిలిండరు పని చూడవలెను. అడ్జస్టరు మరను విప్పి, తోమి, గ్రీజు రాసి, చేతివేళ్లతో సులభముగా తిరుగునట్లు చేయవలెను. తిరుగకపోయినచో కొత్తది వేయవలెను. కుడి చక్రపు అడ్జస్టరును, ఎడమ చక్రపు అడ్జస్టరును తారుమారు చేయరాదు. అనేక కార్లలో వాటి మరలు ఎదురెదురు దిక్కులకు తిరుగుతవి. తారుమారైనచో ఎడమును తగ్గించవలసిన యంత్రము ఎడమును పెంచుతుంది.

కొత్త సామానును విప్పిన వరుసకు వ్యతిరేకముగా అమర్చవలెను. అన్నియు చేరిన తరువాత రెండు షూలను చేతులతో పట్టి అటునిటు కదిపి చూచినచో అవి బిగువుగా కదలి, తమ చోటికి మరల రావలెను. డ్రమ్ము లోపలి అంచును కొలవవలెను. ఎంతవరకు అరగవచ్చునో ఆ హద్దు అనేక డ్రమ్ములపైననే పోతపోసియుంటుంది. ఆ హద్దు దాటిన డ్రమ్ములో ఎంత మంచి స్ప్రింగులు వేసినను ప్రయోజనము లేదు.

ఇల్లు అలుకగానే పండుగ కాదన్నట్లు, డ్రమ్ము ఎక్కించుటతో పని ముగియదు. చక్రమును చేతితో తిప్పినప్పుడు షూ తేలికగా తగిలీ తగలనట్లు వినిపించేవరకు అడ్జస్టరును సరిచేయవలెను. పెడలును పలుమారులు తొక్కి, అది గట్టిగా పైన నిలుచునట్లు చూడవలెను. అటుతరువాతనే హ్యాండ్ బ్రేకు తీగను కారు పుస్తకములో చెప్పిన లెక్కకు బిగించవలెను. షూల ఎడమును సరిచేయకుండ తీగను మాత్రము బిగించుట అనేక చోట్ల జరిగే పొరపాటు. మీట పైననే పట్టినట్లు కనిపిస్తుంది గాని, లోపలి లోపము అట్లే ఉంటుంది. బండిని నేలకు దింపి, చక్రపు నట్లను ఎదురెదురుగా ఉన్నవాటిని జతలుగా బిగించి, జనసంచారము లేని రోడ్డుమీద ముందు నెమ్మదిగా, తరువాత కొంచెము వేగముగా ఆపి చూడవలెను. కొద్ది దూరము పోయిన తరువాత రెండు వెనుక చక్రముల సెగ సమముగా ఉన్నదో లేదో పరీక్షించవలెను.

మరమ్మతు ఎంత చక్కగా జరిగినను బ్రేకును వాడే తీరుపై దాని ఆయువు ఆధారపడియున్నది. శ్రీశైలము ఘాటు దిగునప్పుడుగాని, తిరుమల కొండ దిగునప్పుడుగాని దారి పొడుగునా పెడలుపై కాలు మోపియుంచినచో స్ప్రింగులు ఓర్వలేనంత వేడి పుడుతుంది. తక్కువ గేరులో దిగుచు, అవసరమైనప్పుడు గట్టిగా నొక్కి పూర్తిగా వదలుట మంచి పద్ధతి. వదలిన వ్యవధిలో డ్రమ్ము చల్లబడుతుంది.

సామాను కొనుట సులభమే. మీర్‌పేటకు దూరము కాని వనస్థలిపురము ఆటోనగర్‌లోను, సికింద్రాబాదు రాణీగంజ్‌లోను, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లోను విడిభాగముల దుకాణములు ఎన్నో కలవు. బండి పేరు, తయారైన సంవత్సరము చెప్పి, షూలతోపాటు స్ప్రింగులు, పిన్నులు, వాషర్లు, క్లిప్పులు రెండు చక్రములకు సరిపడునన్ని అడుగవలెను. పాత ముక్కను వెంట తీసికొనిపోయి పొడవు, తీగ మందము, చుట్ల లెక్క సరిచూచుకొనవలెను. చౌకగా దొరకినదని పేరులేని స్ప్రింగును కొనరాదు. దాని ఉక్కు వేడికి ఎంతవరకు నిలుచునో చెప్పగలవారు ఉండరు.

బండిని షెడ్డులో అప్పగించేవారు మూడు మాటలు అడిగిన చాలును. షూలతోపాటు చిన్న సామాను మార్చినారా? రెండు వైపులను మార్చినారా? పాత ముక్కలు ఏవి? మూడవ ప్రశ్నకు జవాబుగా పాత ముక్కలను మేస్త్రీ మీ అరచేతిలో పెట్టవలెను. ఆ తుప్పు, ఆ సాగుడు, ఆ అరిగిన కొక్కెము కంటితో చూచిన తరువాత మరుసటి సారి ఎవరును చెప్పకుండనే మీరు వాటిని మార్పిస్తారు.